అభయశాసనము – నీలి పతాక

హైదరాబాదు నుండి మచిలీపట్టణమునకు పోవు రహదారిపై సూర్యాపేట, కోదాడ వరుసగా తగులును. ఆ దారికి దక్షిణముగా, కృష్ణకు చేరువలో మిర్యాలగూడ ఉన్నది. ఈ మూడు పట్టణములకును సముద్రము కానరాదు, అలల హోరు వినరాదు. అయినను సముద్రతీరపు ముచ్చటను మేము ఇచ్చటి నుండియే ఆరంభించుటకు కారణము కలదు. తీరమునకు వచ్చు కీర్తిలోను, అపకీర్తిలోను లోనాటి వారికి భాగమున్నది.

ఒక తీరమునకో, యాత్రాస్థలమునకో “ఇది శుభ్రమైనది, ప్రకృతికి కీడు చేయనిది, నమ్మి రావచ్చును” అని యోగ్యతాపత్రము నిచ్చు సంస్థలు నేడు లోకమున పెక్కు కలవు. ఇది క్రొత్త ఆచారమని తోచును. కాని ముక్కుమొగము తెలియని పరదేశికి మాట యిచ్చి, ఆ మాటను పదిమంది చూచునట్లు నిలుపుట మనకు క్రొత్త కాదు.

సూర్యాపేట చెంతనే పిల్లలమర్రి గ్రామమున్నది. కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు అచ్చట దేవాలయములు కట్టించిరి. 1195 నాటి శాసనము కాకతి రుద్రదేవుని పేరిటను, 1208 నాటిది గణపతిదేవుని పేరిటను ఉన్నవి. ఆ కాలమున గుడి, చెరువు, ఊరు కలిసియే వెలసెడివి. గుడి కట్టుట ఒక యెత్తు, దానిని నిలుపుట వేరొక యెత్తు. కనుకనే దాతలు నిత్యపూజలకు భూములిచ్చి, ఆ ధర్మమును చెఱుపరాదని రాతిపై చెక్కించెడివారు.

ఆ గణపతిదేవుడే తీరాంధ్రమునకు ఏలికయైన పిదప, 1244 ప్రాంతమున మోటుపల్లి రేవులో అభయశాసనము వేయించెను. మోటుపల్లి నేటి బాపట్ల జిల్లాలోనిది. అంతకు మున్ను తుపానుకు దారితప్పి తీరమున పడిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలగు వానిని రాజులు బలిమిమై గైకొనుచుండిరి. ప్రాణములకు తెగించి కడలి దాటి వచ్చువారిపై దయతో, ఏర్పరచిన సుంకము తప్ప తక్కినదెల్ల వారికే విడిచితిమని గణపతిదేవుడు ప్రకటించెను. సుంకము ముప్పదింట నొకవంతు. చందనము, కర్పూరము, ముత్యములు, పట్టు మున్నగు వానిపై ఎంత యీయవలెనో శాసనముననే చెక్కించెను.

ఇందలి రాజనీతిని గమనింపవలెను. రాజు మాట రాజనగరులో నుండిన వర్తకునకేమి లాభము? రేవులోనే రాయి నిలిపినందున, సుంకరి ఒక్క కాసు ఎక్కువ యడిగినను వర్తకుడు ఆ రాతిని చూపి నిలదీయవచ్చును. శాసనము వర్తకులను కట్టడి చేయుట కంటె ప్రభువునే ఎక్కువగా కట్టడి చేసినది. కాకతీయ రాజ్యము 1323లో అంతరించినది. దానితో ఆ అభయమునకు అండ లేకపోయెను. 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి అదే మోటుపల్లిలో క్రొత్త శాసనము వేయించి వర్తకులకు మరల మాట యీయవలసి వచ్చెను. రాయి నిలిచియున్నను, మాట నిలుపువాడు లేనిచో అది వట్టి రాయియే కదా!

ఇక నేటి తీరమునకు వత్తము. నీలి పతాక యను గుర్తింపు ఫ్రాన్సు దేశమున 1985లో మొలకెత్తి, 1987లో యూరపునకు, 2001లో ఇతర ఖండములకు వ్యాపించినది. స్నానపు నీటిలో రోగకారక క్రిములు మితి మీరరాదు. మురుగు నేరుగా కలియరాదు. ప్రాణరక్షకులు, ప్రథమచికిత్స, మరుగుదొడ్లు ఉండవలెను. నీటి పరీక్షా ఫలితములను అందరు చదువునట్లు పలకపై వ్రాసి యుంచవలెను. ఇట్టివి ముప్పదికి పైగా నియమములు. ఈ గుర్తింపు శాశ్వతము కాదు, ఏటేట తిరిగి పొందవలెను. నియమము తప్పినచో జెండా దింపవలెను.

మన దేశమున 2020 అక్టోబరులో ఎనిమిది తీరములకు ఈ పతాక లభించెను. వానిలో విశాఖపట్టణము చెంతనున్న ఋషికొండ యొకటి. ఎల్లరు సంతోషించిరి. కాని నిర్వహణ చెడినదను ఫిర్యాదులపై 2025 తొలి మాసములలో ఆ గుర్తింపును తాత్కాలికముగా ఉపసంహరించిరి. లోపములను సవరించిన పిదప మార్చిలో అది తిరిగి లభించెను. కొందరు దీనిని అవమానముగా తలచిరి. మాకు మాత్రము జెండా దిగుటయే దాని విలువకు సాక్ష్యముగా తోచుచున్నది. ఎన్నడును దిగని జెండాను నమ్ముటెట్లు?

మన ముంగిట వేరొక ఉదాహరణము కలదు. 2016 వరకు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలతో పాటు నల్లగొండ జిల్లాలోనే యుండిన పోచంపల్లిని, ఐక్యరాజ్యసమితి పర్యాటకసంస్థ 2021లో ఉత్తమ పర్యాటక గ్రామములలో నొకటిగా ఎన్నుకొనెను. 1951 ఏప్రిల్ 18న వెదిరె రామచంద్రారెడ్డి వినోబా భావేకు నూరు ఎకరములు సమర్పించుటతో భూదానోద్యమము పుట్టిన ఊరది. నూలుపోగులకు ముడులు కట్టి రంగులద్ది నేయు వస్త్రములకు పేరుగాంచిన ఊరది. నీలి పతాక ప్రధానముగా స్నానమాడు యాత్రికుని మేలు చూచును. గ్రామమునకిచ్చు గుర్తింపు అచ్చటి వారి బ్రతుకును కూడ లెక్కగొనును. ఇసుకపై వలలారవేయు బెస్తవానికి, మగ్గముపై కూర్చున్న నేతగానికి మేలు కలుగనిచో ఏ పత్రమైనను గోడకు అలంకారమే యగును.

తుదకు మన వంతు ఏమి? అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ, హైదరాబాదు మురుగును మోసికొని, సూర్యాపేట సీమను ఒరసికొని, మిర్యాలగూడకు అనతిదూరమున వాడపల్లి కడ కృష్ణలో కలియుచున్నది. ఆ కృష్ణ హంసలదీవి కడ సముద్రమును చేరుచున్నది. లోనాట మనము ఏటిలో విడిచినది తీరపు బెస్తవాని వాకిటికి పోవును. ఋషికొండ ఆ నదికి దూరమే. న్యాయము మాత్రము అన్ని తీరములకు నొకటే. తీరమున నిలుపు జెండాకు పునాది ఎగువనున్న ఊళ్లలో పడవలెను.

మోటుపల్లి రాయి సుంకరికి కాపలా కాసినది. నేటి యోగ్యతాపత్రములకు కాపలా కాయవలసినవారము మనమే.