గోదావరిఖని కింద అగ్నిపర్వతం ఉందా? మాగ్మా రసాయనం ఏం చెబుతోంది

గోదావరిఖని: బొగ్గు పొర అంటుకుని పొగ లేచినా, భూమి కాస్త కంపించినా "కింద అగ్నిపర్వతం ఉందేమో" అనే అనుమానం రావడం సహజం. 2024 డిసెంబర్ 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు తెలంగాణలో చాలా చోట్ల ప్రకంపనలు తెలిశాయి. కానీ అగ్నిపర్వతం పుట్టాలంటే రాయి కరగాలి. అది ఎక్కడ పడితే అక్కడ కరగదు.

అండమాన్‌లో ఏం జరుగుతోంది?

దేశంలో ఇప్పటికీ లావా చిమ్ముతున్న ఒకే ఒక్క అగ్నిపర్వతం బ్యారెన్ ద్వీపం. పోర్ట్‌బ్లెయిర్‌కు ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఉంది. చాలా కాలం నిద్రపోయి 1991లో మళ్లీ లేచింది. అక్కడ భారత ఫలకం పక్క ఫలకం కిందికి దూరిపోతోంది.

నీళ్లే అసలు కారణం

కోట్ల ఏళ్లు సముద్రం అడుగున ఉన్న ఆ ఫలకం ఖనిజాల్లో నీటిని, పైన బురదను మోసుకుంటూ దిగుతుంది. లోతుకు వెళ్లే కొద్దీ వేడి, ఒత్తిడి పెరిగి ఆ నీళ్లు బయటికి వస్తాయి. పైనున్న మాంటిల్ రాయిలోకి చేరతాయి. ఉప్పు వేస్తే ఐస్ తక్కువ వేడికే కరిగినట్టు, నీళ్లు చేరిన రాయి వందల డిగ్రీల తక్కువ వేడికే కరుగుతుంది. అంటే ఎక్కువ చోట్ల కరిగేది దిగే ఫలకం కాదు, దాని పైనున్న మాంటిల్. ఈ మాగ్మాలో నీరు ఎక్కువ కాబట్టే పైకొచ్చాక పేలుడు స్వభావం కూడా ఎక్కువ.

లావాలో వేలిముద్ర

నీళ్లు ఒంటరిగా రావు. బేరియం, రుబీడియం, స్ట్రాన్షియం, సీసం లాంటివి వెంట తెస్తాయి. నియోబియం, టాంటలం అంత సులువుగా కరగవు, వెనకే ఉండిపోతాయి. అందుకే ఇలాంటి లావాలో బేరియం ఎక్కువ, నియోబియం తక్కువ కనిపిస్తుంది. ఇంకో సాక్ష్యం బెరీలియం-10. ఇది గాలిలో పుట్టి వానతో సముద్రపు బురదలో చేరుతుంది. సుమారు 14 లక్షల ఏళ్లకు సగమైపోతుంది. అలాంటిది కొన్ని అగ్నిపర్వతాల తాజా లావాలో దొరికింది. అంటే పైనున్న బురదే కిందికి వెళ్లి తిరిగి పైకొచ్చిందన్నమాట.

ఇదే పద్ధతితో హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు గద్వాల ప్రాంతంలోని 250 కోట్ల ఏళ్లకు పైబడిన రాళ్లలో బోనినైట్‌ను గుర్తించారు. నీళ్లు చేరి కరిగిన మాంటిల్ నుంచి పుట్టే రాయి ఇది. అప్పట్లో అక్కడ ఒక ఫలకం ఇంకోదాని కిందికి దిగిందని వాళ్ల అంచనా.

మరి మన దగ్గర?

గోదావరి లోయ కథ వేరు. ఇక్కడ నేల రెండు వైపులా సాగి కుంగింది. ఆ పల్లంలో చేరిన మట్టి, చెట్టూచేమా 25 కోట్ల ఏళ్లకు పైగా మగ్గి బొగ్గయ్యాయి. ఇప్పుడు ఈ నేల కింద దిగే ఫలకం లేదు, అది తెచ్చే నీళ్లూ లేవు. బొగ్గు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి తనంతట తానే వేడెక్కి అంటుకుంటుంది. పొగకు కారణం అదే. కాబట్టి గని దగ్గర పొగ కనిపిస్తే భయపడాల్సింది లావా గురించి కాదు, వాసన కూడా లేని కార్బన్ మోనాక్సైడ్ గురించి.