ఇందూరు కాలువలు – నత్తల సంతతి

తొలకరి వానకు చెఱువుగట్టున నత్తలు కుప్పలుగా కానవచ్చినప్పుడు, అవి బురదనుండి పుట్టినవని మనవారనుట కలదు. ప్రాణులను జరాయుజములు, అండజములు, స్వేదజములు, ఉద్భిజ్జములు అని విభజించిన మన పూర్వులు సూక్ష్మదృష్టి కలవారే. కాని నత్త బురదనుండి పుట్టలేదు. బురదలో నిద్రించి లేచినది. ఈ చిన్న సత్యము తెలియకపోవుటచే మన పశువులకు వాటిల్లు హానిని పాఠకులకు విన్నవింపదలచితిమి.

నేడు నిజామాబాదనబడు ఇందూరు సీమలో పూర్వము సాగు వానలపైనను, చెఱువులపైనను ఆధారపడియుండెను. వేసవిలో చెఱువు లెండును. పెద్ద గుల్లనత్త జీవితము ఆ యెండుదలకు తగినట్లే యమరినది. ఈ జాతిలో ఆడు, మగ వేఱు. వానకాలమున జతగూడిన పిమ్మట ఆడునత్త నీటిని విడిచి, గట్టునందలి తడిమంటిలో వందలకొలది తెల్లని గ్రుడ్లు పెట్టును. నీరెండినప్పుడు గుల్లవాకిటిని మూతతో బిగించుకొని నెలలతరబడి బురదలో పడియుండును. వేఱొక జాతినత్త గ్రుడ్లను గర్భమునందే పొదిగి, గుల్లతోకూడిన పిల్లలనే కనును.

మూతలేని పలుచని గుల్లగల చిన్ననత్తల రీతి వేఱు. వీనిలో ప్రతిదియు ఆడును మగయును తానే. తోడు దొరికిన జతగూడును. దొరకనిచో ఒంటరిగనే సంతతి నీయగలదు. ఆకుల యడుగున జిగురుముద్దలుగా గ్రుడ్లు పెట్టును. కొట్టుకొనివచ్చిన ఒక్క నత్తయే ఒక గుంటను నింపుటకు చాలును.

మంజీరపై 1923లో ఆరంభమైన నిజాంసాగరము 1931లో పూర్తి కాగా, 1937లో బోధను చెంత శక్కరనగరమున చక్కెర కర్మాగారము వెలసినది. ఆ కర్మాగారము 2015లో మూతపడినను, కాలువలు చేసిన మేలు చెఱగలేదు. అయితే కాలువ ప్రక్కన నీరు నిలిచి, కలుపు పెరిగిన గుంటలు ఈ చిన్ననత్తలకు పురిటిండ్లు. చరిత్రకారులు ఆనకట్టను లెక్కింతురు, నత్తను లెక్కింపరు.

లెక్కింపవలసిన కారణము కలదు. కార్జపు జలగ గ్రుడ్లు పశువుల పేడతో నీటిలో చేరును. వానినుండి వెడలిన పురుగు చిన్ననత్తలో జొచ్చి, అచ్చట వందలుగా పెరిగి వెలికివచ్చి, గడ్డిని అంటుకొనును. ఆ గడ్డి మేసిన పశువు కార్జము చెడును. ఈ చక్రమును 1881-83 నడుమ జర్మనీలో ల్యూకార్టు, ఇంగ్లండులో థామసు వేర్వేరుగా కనుగొనిరి.

బోధను చేరువపల్లెలో ఒక గృహస్థుని గేదెను మేము చూచితిమి. దవడక్రింద నీరు దిగి, పాలు తప్పినది. ఇంటివారు గ్రామదేవతకు కోడిని మ్రొక్కుకొనిరి. పేడను మాత్రము ఆనాడును కాలువగట్టుననే పోసిరి. వారి భక్తితో మాకు వైరము లేదు. ఆ గట్టుతోనే మా వైరము.

పేడను గోతిలో వేసి బాగుగా మాగనిండు. పశువులకు బావినీరు తోడి తొట్టిలో పోయుడు. నిలువనీటి యంచుగడ్డి మేపకుడు. గుంటలలోని కలుపు తీయించుడు. రోగము కనబడిన పశువైద్యుని పిలువుడు. ఇందులో మొదటి పని ఇల్లాండ్ర చేతిలోనిది. పేడతట్ట ఏ వైపునకు నడచునో, ఆ యింటి పాడి ఆ వైపునకే నడచును.