వసకొమ్ము, 33 పేజీల ఉత్తరం

మా గోదావరి జిల్లాల్లో ఎవరైనా గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుంటే "వీడికి చిన్నప్పుడు వస ఎక్కువ పోసినట్టున్నార్రా" అంటారు. వసకొమ్ము అరగదీసి చంటిపిల్లల నాలిక్కి రాస్తే మాటలు తొందరగా వస్తాయని పెద్దవాళ్ళ నమ్మకం. అది పనిచెయ్యకపోతే తాయెత్తు, ఆ తర్వాత మొక్కు. అప్పటికీ మాట రాకపోతే "మగపిల్లాడు కదండీ, ఆలీసంగా వస్తాయి. ఆళ్ళ నాన్నకీ అయిదో ఏడు దాకా రాలేదు, ఆయ్" అని ఓ ఓదార్పు.

ఇది వెటకారానికి రాయడం లేదు. పిల్లాడికి మాట రాకపోతే ఏదో ఒకటి చెయ్యాలన్న తపన మన తాతమ్మల కాలంలోనూ ఉందని చెప్పడానికే. వాళ్ళ దగ్గర లేనిది ఆ పరిస్థితికి ఒక పేరు. ఇప్పుడు పేరుంది. ఆ పేరు వచ్చాక తల్లిదండ్రులు ఏమేం వెతికారు, ఏవి దొరికాయి, ఎక్కడ మోసపోయారు అన్నదే ఈ టపా.

నేను డాక్టర్ని కాదు, ప్రోగ్రాములు రాసుకు బతికేవాణ్ణి. పాలకొల్లు దగ్గర ఉండే మా పెద్దమ్మ కూతురు కొడుక్కి మూడేళ్ళప్పుడు ఆటిజం అన్నారు. పిలిస్తే పలకడు, బొమ్మకారు ఇస్తే నడపడు, తిరగేసి చక్రం తిప్పుతూ కూర్చుంటాడు. "తమ్ముడూ, నువ్వు కంప్యూటర్లో వెతికి ఏది మంచిదో చెప్పరా" అంది అక్క. వెతికితే వైద్యాలు వందల్లో ఉన్నాయి, అన్నీ బ్రహ్మాండం అనే అంటాయి. వాటిలో ఏది నమ్మాలో తేల్చుకోడానికి నాకు ఈ చరిత్రే ఎక్కువ పనికొచ్చింది.

కథ మొదలయ్యేది అమెరికాలో, మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న ఊళ్ళో. అక్కడ బీమన్ ట్రిప్లెట్ అనే లాయరు. ఆయన కొడుకు డొనాల్డ్ మనుషుల్ని పట్టించుకోడు, తిరిగే వస్తువులంటే పిచ్చి. డాక్టర్ల సలహా మీద పిల్లాణ్ణి ఒక సంస్థలో పెట్టి, దాదాపు ఏడాది తర్వాత మళ్ళీ ఇంటికి తెచ్చేసుకున్నారు. 1938లో బాల్టిమోర్లోని లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడికి చూపించబోయే ముందు, ఆ తండ్రి కొడుకు గురించి టైపు చేయించి పంపిన ఉత్తరం 33 పేజీలు! ఎప్పుడు ఏం తిన్నాడు, ఏ మాట ఏ అర్థంలో వాడాడు, దేనికి ఏడ్చాడు అంతా. 1943లో కానర్ 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఆటిజం వైద్యశాస్త్రంలో విడిగా ఒక పరిస్థితిగా నిలబడింది. అందులో మొదటి కేసు డొనాల్డే. అంటే ఆటిజం చరిత్రలో మొదటి పరిశీలకుడు ఓ తండ్రి. మా వృత్తిలో మంచి బగ్ రిపోర్ట్ ఎలా ఉండాలో ఆ ఉత్తరం అలా ఉంది: ఊహలు తక్కువ, చూసినవి ఎక్కువ. (పిల్లాడు బగ్ అని కాదండోయ్, రాసే పద్ధతి గురించి చెబుతున్నా.)

మరి అంత సాయం చేసిన తల్లిదండ్రులకు దక్కిందేమిటి? నింద! ఇది పుట్టుకతో వచ్చేదేమో అని 1943లో అన్న కానరే, తర్వాత ఈ తల్లిదండ్రులు మనసులో వెచ్చదనం లేనివాళ్ళనీ, పిల్లలు ఫ్రిజ్‌లో పెరిగినట్టు పెరిగారనీ రాశాడు. షికాగోలో బ్రూనో బెటల్‌హైమ్ ఇంకాస్త ముందుకెళ్ళి, 1967లో ఒక పుస్తకమే రాసి తప్పంతా తల్లులదే అన్నట్టు ప్రచారం చేశాడు. ఎన్ని వేలమంది తల్లులు ఆ మాటతో కుమిలిపోయారో.

దీన్ని ఎదిరించిందీ ఓ తండ్రే. బెర్నార్డ్ రిమ్‌లాండ్ అమెరికా నావికాదళంలో మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన కొడుక్కి ఆటిజం. దొరికిన పరిశోధనలన్నీ చదివి, ఇది మెదడుకి సంబంధించిన విషయం, పెంపకానికి సంబంధం లేదు అని 1964లో పుస్తకం వేశాడు. మరుసటి ఏడాది అక్కడి తల్లిదండ్రులతో కలిసి సంఘం పెట్టాడు. ఇంగ్లండులో 1962లోనే తల్లిదండ్రులు సంఘం పెట్టుకున్నారు. వాళ్ళలో లోర్నా వింగ్ అనే డాక్టరమ్మ ఉంది, ఆవిడ కూతురికీ ఆటిజమే. 1977లో ఫోల్‌స్టైన్, రటర్ 21 కవల జంటల్ని పరిశీలించి ఇందులో జన్యువుల పాత్ర పెద్దదని చూపించారు. అంతకుముందే, 1969లో, కానర్ అమెరికా తల్లిదండ్రుల సభకే వెళ్ళి మీ తప్పేం లేదని ఒప్పుకున్నాడు.

శాస్త్రం ఆ నిందని యాభై ఏళ్ళ కిందటే కొట్టేసింది. మన ఊళ్ళల్లో ఇంకా కొట్టెయ్యలేదు. "కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూశావా?", "ఉద్యోగానికెళ్ళి పిల్లాణ్ణి ఆయాకి వదిలేస్తే అంతే మరి", "ఫోన్ చేతిలో పెట్టావు కదా". మా అక్క ఇవన్నీ విన్నది. ఎక్కువసేపు ఫోన్ చూడటం ఏ పిల్లాడికీ మంచిది కాదు, ఒప్పుకుంటా. కానీ "నీ వల్లే" అని తల్లిని నమ్మిస్తే జరిగేదొకటే. పాపపరిహారం కోసం ఎవడు ఏమి అమ్మినా కొంటుంది.

ఆ అమ్మకాల చరిత్ర కూడా చెప్పాలి. 1998లో సెక్రెటిన్ అనే హార్మోను ఇంజక్షన్‌తో పిల్లలు మాట్లాడేస్తున్నారని అమెరికాలో గగ్గోలు. తల్లిదండ్రులు ఎగబడ్డారు. 1999లో సుమారు 60 మంది పిల్లల్లో సగం మందికి సెక్రెటిన్, సగం మందికి ఉప్పునీళ్ళు ఎక్కించి చూశారు. ఎవరికి ఏది ఇచ్చారో తల్లిదండ్రులకు చెప్పలేదు. తేడా ఏమీ లేదు, రెండు గుంపుల పిల్లలూ కాస్త మెరుగైనట్టే కనిపించారు! నన్ను కదిలించింది మాత్రం తర్వాతి సంగతి. ఫలితం చెప్పాక కూడా ఆ తల్లిదండ్రుల్లో ఎక్కువమంది మందు మీద ఆసక్తి వదులుకోలేదు. ఆశ అలాంటిది.

1998లోనే ఇంగ్లండులో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ 12 మంది పిల్లలతో వ్యాసం రాసి, తట్టు, గవదల టీకా మీద అనుమానం రేపాడు. 2010లో లాన్సెట్ పత్రిక ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది, ఆయన డాక్టరు రిజిస్ట్రేషనూ పోయింది. 2005లో పెన్సిల్వేనియాలో, ఒంట్లోంచి లోహాలు తీస్తామనే చెలేషన్ వైద్యంలో అయిదేళ్ళ బాబు చనిపోయాడు. మన దేశంలో మూలకణాల వైద్యం పేరుతో లక్షలు గుంజారు. ఆటిజానికి దాన్ని సిఫార్సు చెయ్యలేమని, అలా ప్రచారం చెయ్యడం వృత్తి ధర్మానికి విరుద్ధమని 2022లో జాతీయ వైద్య కమిషన్ తేల్చింది. అన్నట్టు, తల్లుల మీద నింద తొలగించిన ఆ రిమ్‌లాండే తర్వాత విటమిన్లు, టీకాల అనుమానాల వెంట పడ్డాడు. ఒక విషయంలో కరెక్టయిన మనిషి అన్నిట్లో కరెక్టు కానక్కర్లేదు.

సరే, మన దగ్గరకొద్దాం. 1984లో సికింద్రాబాదు మనోవికాస్ నగర్లో కేంద్ర ప్రభుత్వం మానసిక వికలాంగుల జాతీయ సంస్థ పెట్టింది. డెల్టా నుంచి పిల్లల్ని అక్కడ చూపించాలంటే రాత్రి గౌతమీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి నాలుగొందల కిలోమీటర్లు వెళ్ళాలి. కాకినాడలో ఉమా మనోవికాస కేంద్రం లాంటి సంస్థలు రావడం కొంత ఊరట. కానీ అప్పట్లో ఎక్కడికెళ్ళినా చాలామందికి పడిన ముద్ర "బుద్ధిమాంద్యం" అనే. చట్టం కూడా అంతే. 1995 వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. ఢిల్లీలో మెరీ బరువా అనే తల్లి 1991లో మొదలెట్టిన యాక్షన్ ఫర్ ఆటిజం లాంటి తల్లిదండ్రుల సంఘాలు పోరాడుతూ వచ్చాయి. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఆటిజం పేరు చేరింది, 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో చోటు దొరికింది. ధ్రువపత్రం ఇవ్వడానికి దేశమంతా వాడే 40 అంశాల కొలమానం తయారైంది ఆ సికింద్రాబాదు సంస్థలోనే.

2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లల్ని పరీక్షించి, జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. కాగితం మీద ఇదంతా బావుంది. 2022లో రెండు గోదావరి జిల్లాల్ని విడగొట్టాక జిల్లా కేంద్రాలూ కాస్త దగ్గరయ్యాయి. కానీ మాటలు నేర్పే థెరపిస్టు వారానికి ఒకసారి, అరగంట దొరకడమే గగనం అని అక్క అంటుంది. పిల్లాడు మెలకువగా ఉండే మిగతా గంటలన్నీ ఉండేది ఇంట్లోనేగా!

చరిత్రలో నాకు నచ్చిన భాగం సరిగ్గా ఇక్కడే ఉంది. షికాగోలో చదివి, బెటల్‌హైమ్ వాదం నచ్చక బయటికొచ్చిన ఎరిక్ షాప్లర్, తల్లిదండ్రులే సహ చికిత్సకులు అని 1971లో రాశాడు. 1972 నుంచి నార్త్ కరోలినా రాష్ట్రమంతా ఆ పద్ధతి నడిపించాడు. 1987లో లొవాస్ వారానికి 40 గంటల శిక్షణతో 19 మందిలో 9 మంది మామూలు పిల్లల్లా అయ్యారని రాశాడు. దాని మీద విమర్శలు చాలా ఉన్నాయి, వాళ్ళు అప్పట్లో దండన కూడా వాడేవాళ్ళు. పైగా ఆ 40 గంటల ఖర్చు మన డెల్టాలో ఎంతమంది పెట్టగలరు?

మనకి దగ్గరగా ఉన్నది 2016లో వచ్చిన గోవా, రావల్పిండి అధ్యయనం. 65 మంది పిల్లలు. పెద్ద చదువుల థెరపిస్టులు కాదు, శిక్షణ ఇచ్చిన మామూలు ఆరోగ్య కార్యకర్తలే ఇంటికొచ్చేవాళ్ళు. ఆరు నెలల్లో 12 సార్లు. తల్లి పిల్లాడితో ఆడుతుంటే వీడియో తీసి, ఇద్దరూ కూర్చుని చూసి, "ఇదిగో ఇక్కడ వాడు మీ వైపు చూశాడు, మీరు కాస్త ఆగి ఉంటే బావుండేది" అని చెప్పుకోవడం, అంతే. తల్లి స్పందించే తీరు మెరుగుపడింది, పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది. ఒక కొలతలో, అంటే ఇద్దరూ కలిసి ఒకే వస్తువు మీద ధ్యాస పెట్టే సమయంలో, తగ్గుదల కనిపించింది. అదీ దాచకుండా రాశారు, అందుకే నాకు నమ్మకం కుదిరింది.

డొనాల్డ్ ఏమయ్యాడో చెప్పలేదు కదూ. కొన్నేళ్ళు ఒక రైతు దంపతుల దగ్గర ఉంచారు. వాడికి కొలవడం పిచ్చి అని గమనించి, వాళ్ళు బావి తవ్వే పని ఇచ్చి లోతు కొలిచి చెప్పమన్నారు. లెక్కపెట్టడం పిచ్చి అని, మొక్కజొన్న సాళ్ళు దున్నుతూ లెక్కపెట్టమన్నారు. తర్వాత డొనాల్డ్ డిగ్రీ చదివాడు, బ్యాంకులో పనిచేశాడు, కారు నడిపాడు, దేశాలు తిరిగాడు, 2023లో 89వ ఏట పోయాడు. ఆటిజం పోలేదు, బతుకు బావుంది. అందరికీ అలా అవుతుందని కాదు, కొందరికి జీవితాంతం తోడు కావాలి. కానీ చక్రం తిప్పడం మాన్పించడం ఒక్కటే దారి కాదు, దాంట్లోంచే ఓ ఆట పుట్టించొచ్చు అని ఆ రైతులు చదువుకోకుండానే కనిపెట్టారు.

ఏతావాతా అక్కకి నేను చెప్పినవి ఇవి. ముందు వినికిడి పరీక్ష చేయించు. రోజూ నోటుబుక్కులో రెండు లైన్లు రాయి, వాడు ఏం చేశాడో. ఒకేసారి అయిదు మార్పులు చెయ్యకు. మా పనిలోనూ అంతే, అన్నీ ఒకేసారి మార్చేస్తే దేనివల్ల బాగుపడిందో ఎవడికీ తెలీదు. నయం చేస్తామని గ్యారంటీ ఇచ్చేవాడి దగ్గరికి వెళ్ళకు. వాడు దేనితో ఆడుతున్నాడో దానితోనే నువ్వూ ఆడు.

ఒక్క మాట ప్రభుత్వానికీ, మగవాళ్ళకీ కూడా చెప్పాలి. తల్లే మంచి థెరపిస్టు అనగానే భారమంతా ఆవిడ నెత్తిన పెట్టెయ్యడం తేలిక. గోవాలో పనిచేసింది తల్లి ఒక్కతే కాదు, ఇంటికొచ్చి పక్కన కూర్చున్న ఆ ఆరోగ్య కార్యకర్త కూడా. మన డెల్టాలో ప్రతి ఊళ్ళో అంగన్‌వాడీ ఉంది, ఆశా కార్యకర్త ఉంది. వాళ్ళకి ఆ శిక్షణ, దానికి తగ్గ జీతం ఇస్తే అరగంట కోసం బస్సులెక్కి తిరిగే తల్లులు కొంతమందైనా తగ్గుతారు. ఇక తండ్రులంటారా, 33 పేజీలు అక్కర్లేదు. ఆ నోటుబుక్కులో రోజుకో లైను మీరు రాసినా చాలు. మా బావకి కూడా ఇదే చెప్పాను.