చెట్ల కోసం వచ్చిన చట్టం

వానాకాలం మున్సిపాలిటీ వాళ్లు మురుగు కాల్వల వెంట చల్లే బ్లీచింగ్ పౌడర్ ఘాటు మనకు తెలిసిందే. ఆ పొడి వెనక ఓ పాత చట్టం కథ ఉంది. మనుషుల కంటే ముందు చెట్లను కాపాడిన చట్టం అది.

పంతొమ్మిదో శతాబ్దం తొలి సగంలో ఇంగ్లండ్‌లో సబ్బుకు, గాజుకు, బట్టల మిల్లులకు సోడా కావాలి. ఫ్రాన్స్‌కు చెందిన లెబ్లాంక్ కనిపెట్టిన పద్ధతిలో ఉప్పును గంధకామ్లంతో కలిపి కాచేవారు. అప్పుడు పుట్టే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి పొగగొట్టంలోంచి పైకి పోయి, తేమ తగిలి, మళ్లీ నేలకు దిగేది. లివర్‌పూల్ దగ్గరి సెయింట్ హెలెన్స్, విడ్నెస్ చుట్టుపక్కల పైర్లు మాడిపోయాయి, చెట్లు మోడులయ్యాయి. గొట్టాలను ఇంకా ఎత్తుగా కట్టారు. విషం ఇంకాస్త దూరపు పొలాల మీద పడింది, అంతే.

విరుగుడు లేక కాదు. 1836లోనే విలియం గాసేజ్ పాడుబడిన గాలిమరను కంపతో నింపి, పైనుంచి నీళ్లు వదిలి, ఆవిరిని దాని గుండా పంపాడు. ఆవిరి నీళ్లలో కరిగిపోయింది. పరికరం ఉంది, అది పనిచేస్తుందని తెలుసు. అయినా అందరి చేతా పెట్టించే చట్టం రావడానికి 27 ఏళ్లు పట్టింది.

ఆ చట్టాన్ని కదిలించింది కూడా కూలీల దగ్గు కాదు. మాజీ ప్రధాని లార్డ్ డెర్బీ ఎస్టేటు నోస్లీ, సెయింట్ హెలెన్స్‌కు దగ్గర్లోనే ఉంది. 1862లో ఆయన ఎగువసభలో విచారణ కోరాడు. మరుసటి ఏడాదే ఆల్కలీ చట్టం వచ్చింది: ఆమ్లపు ఆవిరిలో 95 శాతాన్ని బయటకు పోకుండా పట్టాల్సిందే. తొలి ఇన్‌స్పెక్టరు రాబర్ట్ ఆంగస్ స్మిత్ రసాయన శాస్త్రవేత్త. ఆయన బెదిరింపుల కంటే కొలతలనే నమ్ముకున్నాడు. యజమానులకు దగ్గరుండి దారి చూపించాడు. 'ఆమ్ల వర్షం' అన్న మాటను 1872 నాటి తన పుస్తకంతో వాడుకలోకి తెచ్చింది కూడా ఆయనే.

మరి పట్టిన ఆమ్లం ఏమైంది? మొదట్లో చాలావరకు వాగుల్లోకి పోయింది. గాలిని కాపాడిన చట్టం నీటి సంగతి పట్టించుకోలేదు. తర్వాత దాన్నుంచి క్లోరిన్ తీసి, సున్నానికి పట్టించి బ్లీచింగ్ పౌడర్‌గా అమ్మారు. ఒకప్పుడు పారబోసిన సరుకే లాభాలు తెచ్చింది.

ఆ లాభం గదుల్లోపల పనిచేసేవాళ్ల ఊపిరితిత్తుల మీదుగా వచ్చింది. క్లోరిన్ నిండిన గదుల్లోంచి పొడిని పీపాల్లోకి ఎత్తే కూలీలు ఫ్లానెల్ గుడ్డను మడతలు మడతలుగా నోటికి కట్టుకుని దిగేవారు. ఊపిరికి రక్షణ అంటే వాళ్లకు ఆ గుడ్డే. పొగగొట్టం చివర ఎంత పోతోందో లెక్కగట్టే ఇన్‌స్పెక్టరు ఉన్నాడు గానీ, ఆ గదిలో మనిషి ఎంత పీలుస్తున్నాడో చూడటం ఆల్కలీ చట్టం పని కాదు. ఈ కథలో మనసును పట్టి నిలిపేది ఈ గదే.

ప్రమాదకరమైన పనులకు ప్రత్యేక నిబంధనలు పెట్టే అధికారం హోంమంత్రికి 1891 ఫ్యాక్టరీ చట్టంతో వచ్చింది. చెట్లకు చట్టం వచ్చిన 28 ఏళ్లకు. అప్పటికే లెబ్లాంక్ పద్ధతిని, సోడా తయారీకే వచ్చిన సాల్వే పద్ధతి వెనక్కి నెడుతోంది. ఆ కొత్త పద్ధతితో నడిచే విన్నింగ్టన్‌లోని బ్రన్నర్ మాండ్ కర్మాగారంలో 1889లో షిఫ్టును 12 గంటల నుంచి 8 గంటలకు తగ్గించారు. విడ్నెస్‌లో మాత్రం పాత పద్ధతి వదిలిన వ్యర్థం గుట్టలుగా మిగిలి, కుళ్లిన గుడ్ల వాసన కొడుతూనే ఉండేది.