లాగిన్

ఈమెయిలులోకో, బ్యాంకు ఖాతాలోకో, ఆఫీసు కంప్యూటరులోకో పేరూ పాస్‌వర్డూ కొట్టి ప్రవేశించడాన్ని లాగిన్ అంటారు. ఇంగ్లిష్‌లో ఇది 'లాగ్' అనే క్రియకు 'ఇన్' తోడై ఏర్పడిన ఫ్రేజల్ వెర్బ్. 'ఇన్' అంటే లోపలికి. మరి లాగ్? లాగ్ అంటే దుంగ, మొద్దు. దుంగకూ కంప్యూటరుకూ చుట్టరికం సముద్రం మీద కలిసింది.

తెరచాప ఓడల కాలంలో ఓడ ఎంత వేగంతో పోతోందో తెలుసుకోవడానికి నావికులు తాడు కట్టిన చెక్కను వెనకవైపు నీళ్లలో పడేసేవారు. విలియం బోర్న్ 1574లో అచ్చువేసిన నౌకాయాన గ్రంథంలోనే ఈ పద్ధతి వర్ణన ఉంది. తర్వాతి రోజుల్లో ఆ చెక్క వృత్తంలో నాలుగో వంతు ఆకారానికి వచ్చింది. నీళ్లలో నిటారుగా నిలబడాలని దాని వంపు అంచుకు సీసం బిగించేవారు. చెక్క పడ్డచోటే దాదాపు నిలిచిపోతుంది, ఓడ ముందుకు పోతుంది, రాట్నానికి చుట్టిన తాడు విచ్చుకుంటూ ఉంటుంది. ఒకరు ఇసుక గడియారం పట్టుకుంటే ఇంకొకరు చేతిలోంచి జారిపోయే ముడులు లెక్కపెట్టేవారు. గడియారం 28 సెకన్లది అయితే ముడికీ ముడికీ మధ్య 47 అడుగుల 3 అంగుళాలు ఉండాలి. అప్పుడు ఎన్ని ముడులు జారితే గంటకు అన్ని నాటికల్ మైళ్ల వేగం అన్నమాట. తుఫాను హెచ్చరికల్లో గాలి వేగానికి వాడే 'నాట్' ఈ ముడే. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు.

ఇలా తేలిన వేగాన్నీ, ఓడ దిశనూ, గాలి తీరునూ ముందు పలక మీద సుద్దతో రాసి, ఆనక పుస్తకంలోకి ఎక్కించేవారు. నీళ్లలో వేసే ఆ చెక్క, అంటే లాగ్, పేరు మీదే పుస్తకానికి లాగ్‌బుక్ అని పేరు పడింది. తీరం కనబడని నడిసముద్రంలో ఓడ ఎక్కడుందో అంచనా కట్టడానికి ఆ రాతలే ఆధారం. కాబట్టి లెక్క తప్పితే ఓడకే ముప్పు. క్రమంగా చెక్క మరుగున పడి, పుస్తకంలో ఎక్కించడమే 'లాగ్' చేయడమైంది. గణితంలోని లాగరిథమ్‌కు దీనితో ఏ సంబంధమూ లేదు. అది గ్రీకు మాటల నుంచి వచ్చింది.

తొలి కంప్యూటర్ల దగ్గరా ఇలాంటి పుస్తకాలు ఉండేవి. హార్వర్డ్ మార్క్ 2 యంత్రంలో 1947 సెప్టెంబరు 9న దొరికిన చిమ్మటను సిబ్బంది అతికించింది లాగ్‌బుక్కులోనే. 1961లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కోర్బాటో బృందం ఒకే కంప్యూటరును పలువురు ఒకేసారి వాడుకునే ఏర్పాటును ప్రదర్శించాక అసలు మలుపు వచ్చింది. యంత్రం కాలం చాలా ఖరీదు. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎంతసేపు వాడారు అన్న పద్దు ఉండితీరాలి. అందుకే అక్కడి ఆదేశం పేరు 'లాగిన్'. మొదట అది తలుపు తీయడం కన్నా చిట్టాలో పేరు ఎక్కించడమేనని చెప్పాలి. పాస్‌వర్డు కూడా ఆ ఏర్పాటుతోనే వచ్చింది. దాని వెంటే పాస్‌వర్డు దొంగతనమూ వచ్చింది. తనకు కేటాయించిన సమయం చాలక ఒక పరిశోధక విద్యార్థి 1962లో పాస్‌వర్డుల జాబితా మొత్తాన్ని అచ్చు తీయించుకున్నాడు!

1969 అక్టోబరు 29 రాత్రి లాస్ ఏంజెలెస్‌లోని విశ్వవిద్యాలయం నుంచి చార్లీ క్లైన్ అనే విద్యార్థి, అర్పానెట్ మీదుగా స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థ కంప్యూటరుకు 'లాగిన్' అని పంపబోయాడు. ఎల్, ఓ చేరాక అవతలి యంత్రం కుప్పకూలింది. అలా ఇంటర్నెట్‌కు మూలమైన ఆ వలలో తొలి సందేశం 'లో' అయింది. ఇంగ్లిష్‌వాళ్లకు అందులో 'ఇదిగో చూడు' అనే పాత మాట వినిపిస్తుంది. మనకైతే అది 'ఇన్'కు సరైన తెలుగు. సుమారు గంట తర్వాత పూర్తి మాట చేరింది.

ఇంగ్లిష్‌లో క్రియగా వాడితే 'లాగ్', 'ఇన్' విడివిడిగానూ, నామవాచకమైతే కలిపీ రాయడం మర్యాద. 'లాగాన్' దీనికి తోబుట్టువు. బయటికి రావడం 'లాగవుట్', 'లాగాఫ్'. వెబ్‌లాగ్ కుదించుకుపోయి 'బ్లాగు' అయింది. తెలుగులో 'ప్రవేశించు' అనే మాట ఉన్నా జనం నోట 'లాగిన్ అవ్వు'దే వాడుక. తెలుగు వికీపీడియాలోనైతే సంధి కూడా కలిపి 'లాగినవండి' అని రాశారు.