పాలకొల్లు పిల్లవాడు పెద్దవాడు కాకముందే

2014 సెప్టెంబరు 19న చెన్నైలో మాండలిన్ శ్రీనివాస్ కన్నుమూశాడు. కాలేయం పాడైంది, మార్పిడి చేశారు, ఆ తర్వాత వచ్చిన చిక్కులకు ఒళ్లు తట్టుకోలేకపోయింది. అప్పటికి అతనికి 45 ఏళ్లు. మనలో చాలామందికి మాత్రం అతను ఇంకా పిల్లవాడే. బాలమేధావి అని నెత్తిన పెట్టుకున్నాం, ఆ పిల్లవాడికి వయసొచ్చిందన్న సంగతే మరిచిపోయాం.

పాలకొల్లులో పుట్టాడు. ఆరేళ్లప్పుడు తండ్రి సత్యనారాయణగారి మాండలిన్ చేతికందింది. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని, ఆ పాటను తీగల మీదికి తెచ్చుకునేవాడు. నిజానికి ఆ వాద్యం మన కర్ణాటక సంగీతానికి బొత్తిగా లొంగనిది. అన్నీ జంట తీగలు, అడ్డంగా మెట్లు, మీటిన స్వరం చిటికెలో ఆరిపోతుంది. గమకానికేమో స్వరం ఊగాలి, జారాలి, నిలవాలి. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు. జంటలు తీసేసి ఒంటి తీగలు కట్టాడు, అయిదో తీగ చేర్చాడు. ఆ తీగలు ఉక్కువి. మా గాజువాక పక్కనే ఉక్కు కర్మాగారంలో వైర్ రాడ్లు తీస్తారు. ఉక్కు ఎంత మొండిదో ఇక్కడివాళ్లకు ఒకరు చెప్పాలా? ఆ ఉక్కు తీగ పసివాడి వేళ్లకు లొంగి తోడిలో గాంధారం పలికిందంటే, దాని వెనక ఎంత సాధన ఉండాలి!

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచేరీ. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం. 1998లో పద్మశ్రీ. జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో 'రిమెంబర్ శక్తి' బృందంలో దేశాలన్నీ తిరిగాడు. తొమ్మిదో ఏట ఎక్కిన వేదిక దిగనే లేదు.

నాకు ఎప్పటికీ తీరని బాధ ఒకటుంది. విశాఖలో పెరిగిన ద్వారం వెంకటస్వామినాయుడుగారు, పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌తో వెల్లూరులో తొలి సోలో కచేరీ చేసింది 1938లో. అప్పటికి ఆయనకు ఇంచుమించు 45 ఏళ్లే. ఆ తర్వాత ఇంకో పాతికేళ్లు వాయించి, ఆ వయొలిన్‌ను పండించి వెళ్లారు. శ్రీనివాస్‌కు సరిగ్గా ఆ పాతికేళ్లే దక్కలేదు. వేగం చూశాం, మెరుపు చూశాం. అరవై ఏళ్ల శ్రీనివాస్ తీరుబడిగా చేసే ఆలాపన మాత్రం వినలేకపోయాం. తమ్ముడు రాజేష్, శిష్యులు మాండలిన్‌ను నిలబెట్టారు. ఆ లోటు మాత్రం ఎవరూ తీర్చగలిగేది కాదు.

2024 ఫిబ్రవరిలో శక్తి బృందానికి గ్రామీ అవార్డు వచ్చింది. ఆ ఆల్బమ్‌లో మొదటి రచనకు వాళ్లు పెట్టుకున్న పేరు 'శ్రీనీస్ డ్రీమ్'.