బస్రా చమురు రేవుల సమర్థత: నిపుణుల ఏకాభిప్రాయం ఎంతవరకు సాక్ష్యం?

ఇరాక్ ఎగుమతి చేసే ముడిచమురులో అత్యధిక భాగం ఒకే దారిన బయటికి పోతుంది. బస్రా పరిసరాల్లోని బావుల నుంచి ఫావ్ దగ్గరి ట్యాంకులకు చేరుతుంది. అక్కడి నుంచి సముద్రం అడుగున వేసిన గొట్టాల్లో, గల్ఫ్ ఉత్తర కొసన నీళ్ల మధ్య నిలిచిన అల్ బస్రా టెర్మినల్‌కూ, ఆ ప్రాంతంలోనే తేలే సింగిల్ పాయింట్ మూరింగులకూ వెళ్తుంది. ఓడలోకి ఎక్కాక హోర్ముజ్ జలసంధి దాటాలి.

ఈ దారి ఎంత సమర్థంగా పనిచేస్తోందని అడిగితే జవాబు తేలిగ్గా దొరకదు. లెక్కలు కొన్ని ప్రభుత్వ సంస్థల దగ్గర ఉంటాయి, కొన్ని ఓడల యజమానుల దగ్గర, మరికొన్ని కొనుగోలుదారుల దగ్గర. అందుకే ఇలాంటి అంశాలను పరిశోధించేవారు తరచుగా డెల్ఫీ పద్ధతిని ఆశ్రయిస్తారు. విషయం తెలిసిన పది ఇరవై మందిని ఎంచుకుని, ఎవరు ఏమన్నారో మిగతావారికి తెలియకుండా ప్రశ్నావళి పంపుతారు. జవాబుల సారాంశం చూపించి మళ్లీ అడుగుతారు. అభిప్రాయాలు దగ్గరపడేదాకా విడతలు నడుపుతారు. పద్ధతి మంచిదే. అయితే దీనివల్ల తేలేది నిపుణులు ఎంతవరకు ఒప్పుకున్నారన్నది. రేవు ఎంత బాగా పనిచేసిందన్నది వేరే కొలత. ఈ రెంటినీ కలిపేసిన చోటే ఇలాంటి పరిశోధనలు దారి తప్పుతాయని నా అభిప్రాయం.

పద్ధతి పుట్టిన సందర్భాన్ని గుర్తుంచుకోవాలి. 1950ల తొలినాళ్లలో అమెరికాలోని రాండ్ కార్పొరేషన్‌లో నార్మన్ డాల్కీ, ఓలాఫ్ హెల్మర్ ఏడుగురు నిపుణులకు ఐదు ప్రశ్నావళులు ఇచ్చి అడిగిన విషయం ఇది: సోవియట్ వ్యూహకర్త వైపు నుంచి చూస్తే, అమెరికా ఆయుధ ఉత్పత్తిని ఒక మేరకు దెబ్బతీయడానికి ఎన్ని అణుబాంబులు కావాలి? భద్రతా కారణాల వల్ల ఆ ప్రయోగం వివరాలు 1963 దాకా అచ్చు కాలేదు. అలాంటి ప్రశ్నకు పాత రికార్డంటూ ఏదీ లేదు. కొలవడం సాధ్యం కాని చోట, తెలిసినవాళ్ల అంచనాను క్రమపద్ధతిలో రాబట్టడమే వాళ్ల ఉద్దేశం. బస్రా పరిస్థితి వేరు. అక్కడ జరిగే పనిలో చాలా భాగానికి కాగితం ఉంటుంది.

ఒక ఓడ లోడింగునే తీసుకుందాం. ఓడ సిద్ధంగా ఉందని కెప్టెన్ నోటీసు ఇస్తాడు. సాధారణంగా ఆరు గంటలు గడిచాక గానీ, బెర్తుకు చేరాక గానీ, ఏది ముందైతే అప్పటి నుంచి లేటైమ్, అంటే ఈ పనికి ఇచ్చిన గడువు, లెక్క మొదలవుతుంది. లోడింగుకూ అన్‌లోడింగుకూ కలిపి 72 గంటలు ఇవ్వడం ట్యాంకర్ ఒప్పందాల్లో ఆనవాయితీ. అది దాటితే రోజుకింతని డెమరేజ్ కట్టాలి. గొట్టం తగిలించింది ఎప్పుడు, పంపింగు మొదలైంది ఎప్పుడు, గాలి ఎక్కువై ఆపింది ఎప్పుడు, మళ్లీ మొదలుపెట్టింది ఎప్పుడు, అన్నీ టైమ్ షీట్‌లో గంటలు నిమిషాలతో సహా ఎక్కుతాయి. పని ముగిశాక సర్వేయర్ ఒక్కో ట్యాంకులోకి టేపు దించి, చమురు మట్టానికీ పైనున్న కొలత గుర్తుకూ మధ్య ఎంత ఖాళీ ఉందో చూస్తాడు. దాన్నే అల్లేజ్ అంటారు. అడుగున చేరిన నీరెంతో చూస్తాడు, ఉష్ణోగ్రత తీస్తాడు, నమూనా పట్టి సాంద్రత చూస్తాడు. ఇవన్నీ పట్టికలతో సరిచూస్తే బారెళ్ల లెక్క తేలుతుంది.

ఆ లెక్కను ఎంత నమ్మవచ్చన్న ప్రశ్న కూడా కొత్తది కాదు. 2003లో భద్రతా మండలి 1483వ తీర్మానంతో ఏర్పడిన అంతర్జాతీయ సలహా, పర్యవేక్షణ బోర్డు, ఇరాక్ చమురు ఆదాయం ఆడిట్లు పరిశీలించి, చమురు రంగంలో సరైన మీటర్లు లేకపోవడాన్ని పదేపదే ఎత్తిచూపింది. టెర్మినల్‌లో నమ్మదగిన మీటరు లేకపోతే అమ్మేవాడు కూడా ఓడ ట్యాంకుల కొలత మీదే ఆధారపడాలి. ఇలాంటి చోట ‘కొలతలో జరిగే నష్టం ఎంత తీవ్రమైనది? ఒకటి నుంచి ఐదు లోపు మార్కు వేయండి’ అని ఇరవై మందిని అడిగారనుకుందాం. సగటు 4.3 వచ్చిందనుకుందాం. ఆ ఇరవై మందికి దీని మీద ఆందోళన ఉందని తెలుస్తుంది, అంతే. పోయిన బారెళ్లెన్నో తెలియదు. మీటరు పెట్టాల్సిన చోట ప్రశ్నావళి పెట్టినట్టవుతుంది.

మరి నిపుణులను దేనికి అడగాలి? 2015కు ముందు ఇరాక్ తన దక్షిణ ప్రాంతపు చమురును బస్రా లైట్ అన్న ఒకే పేరుతో అమ్మేది. బరువైన చమురు కలిసేకొద్దీ నాణ్యత ఓడకూ ఓడకూ మారుతూ వచ్చి కొనుగోలుదారులు ఇబ్బంది పడ్డారు. 2015లో బస్రా హెవీని విడదీసి అమ్మడం మొదలుపెట్టారు. 2021 జనవరి నుంచి బస్రా మీడియం కూడా వచ్చింది. రకాలను విడదీస్తే ఏ చమురు వస్తోందో రిఫైనరీకి ముందే తెలుస్తుంది, ధర మీద తగాదాలు తగ్గుతాయి. కానీ ఒక్కో రకానికి వేరే ట్యాంకులు కావాలి. షమాల్ అనే వాయవ్య గాలి బలంగా వీచే రోజుల్లో ఓడలను మూరింగుకు కట్టలేరు. లోడింగు ఆగితే ఒడ్డున ట్యాంకులు నిండుతాయి. అవి నిండితే బావుల దగ్గరే ఉత్పత్తి తగ్గించాలి. నిల్వకు చోటు పరిమితంగా ఉన్నప్పుడు రకాలు పెంచడం వల్ల వచ్చే లాభం ఎక్కువా, పోయే వెసులుబాటు ఎక్కువా? ఏ టైమ్ షీట్‌లోనూ దీనికి జవాబు దొరకదు. ఏళ్ల తరబడి ఈ పని చేసినవాళ్ల అంచనాకు ఇక్కడ నిజంగా విలువ ఉంది.

ఉత్తరాన కిర్కుక్ నుంచి టర్కీలోని జేహాన్‌కు వెళ్లే గొట్టం విషయమూ అలాంటిదే. మధ్యవర్తిత్వ తీర్పు తర్వాత 2023 మార్చిలో ఆగిన ఆ ప్రవాహం 2025 సెప్టెంబరు చివర్లో గానీ మళ్లీ మొదలుకాలేదు. రెండో దారి ఉండటానికి ఎంత విలువ కట్టాలన్నది లెక్కతో పాటు అంచనా కూడా అవసరమైన ప్రశ్న.

ఎవరిని అడుగుతామన్నది ఇంకా పెద్ద ప్రశ్న. ఇరాక్ చమురును అమ్మే ప్రభుత్వ సంస్థ సోమోలో పనిచేసేవారికి సమర్థత అంటే నెలనెలా ప్రకటించే అధికారిక ధరకు తగ్గకుండా సరుకంతా అమ్ముడుపోవడం. ఓడ కెప్టెన్‌కు లంగరు వేసి ఎదురుచూడాల్సిన రోజులు తగ్గడం. ఫావ్‌లో ఇంజినీరుకు ట్యాంకు నిండిపోకుండా, ఖాళీ అయిపోకుండా చూసుకోవడం. కొనుగోలుదారుకు చెప్పిన రకం చెప్పిన తేదీకి రావడం. ఈ చివరివాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. 2017-18 నుంచి కొన్నేళ్లపాటు భారత్‌కు అందరికంటే ఎక్కువ ముడిచమురు ఇచ్చింది ఇరాకే. 2022-23లో రష్యా ఆ స్థానంలోకి వచ్చింది. విశాఖపట్నంలో రాతిని తొలిచి కట్టిన 13.3 లక్షల టన్నుల వ్యూహాత్మక నిల్వ గుహలోకి 2015లో మొదట దిగింది ఇరాక్ చమురే. బస్రాలో గాలికి ఓడ ఆగితే దాని కోసం ఎదురుచూస్తున్న రిఫైనరీ తన ప్రణాళిక మార్చుకోవాల్సి వస్తుంది. కాబట్టి ఎగుమతి సమర్థత మీద ప్యానెల్ కూర్చేటప్పుడు దిగుమతి చేసుకునేవారిని వదిలేస్తే సగం విషయం కనపడకుండా పోతుంది. అందరినీ తీసుకుని సగటు కట్టినా చిక్కే. పది మంది 5 వేసి, పది మంది 1 వేస్తే సగటు 3 వస్తుంది. ఆ ఇరవై మందిలో ఒక్కరు కూడా అనని మాట అది.

ఏకాభిప్రాయం వచ్చిందని ఎప్పుడు చెప్పాలి? డయమండ్, సహ పరిశోధకులు 2014లో వంద డెల్ఫీ అధ్యయనాలను సమీక్షించి, ఎక్కువమంది ‘ఇంత శాతం ఒప్పుకుంటే చాలు’ అన్న కొలబద్దనే వాడారని, ఆ హద్దుల మధ్యగతం 75 శాతమని చూపారు. ఈ హద్దు ఎలా మోసం చేయగలదో ఒక ఊహా లెక్కతో చూడవచ్చు. మొదటి విడతలో 24 మంది ఉన్నారు. ‘ప్రధాన అడ్డంకి నిల్వ కొరతే’ అని 15 మంది అన్నారు. అంటే 62.5 శాతం, హద్దు దాటలేదు. ఒప్పుకోని తొమ్మిది మందిలో ఆరుగురు విసుగెత్తి రెండో విడతకు జవాబివ్వలేదు. ఇప్పుడు 18లో 15, అంటే 83 శాతం. ఒక్కరి మనసూ మారలేదు, ఏకాభిప్రాయం మాత్రం వచ్చేసింది. అందుకే మానేసినవారు మొదట ఏమన్నారో చెప్పని డెల్ఫీ ఫలితాన్ని నేను నమ్మలేను.

నిపుణులు ఇచ్చిన వరసలు ఎంతవరకు కలిశాయో కొలిచే కెండాల్ డబ్ల్యూ అనే గుణకంతో ఇలాంటి పొరపాటే ఇంకో రూపంలో జరుగుతుంది. 20 మంది పది అడ్డంకులకు వరసలు ఇచ్చారనుకోండి. డబ్ల్యూ 0.2 వచ్చిందనుకోండి. 1997లో ష్మిట్ సూచించిన కొలబద్దలో గట్టి ఏకీభావానికి 0.7 దాకా రావాలి. కాబట్టి 0.2 అంటే చాలా తక్కువ. కానీ కై-వర్గ పరీక్ష చేస్తే 20ని 9తో (పదికి ఒకటి తక్కువ), 0.2తో గుణించగా 36 వస్తుంది. వెయ్యిలో ఒకటి స్థాయికి కావలసింది దాదాపు 27.9 మాత్రమే. దాంతో ‘గణాంకపరంగా ప్రాముఖ్యం గల ఏకాభిప్రాయం’ అని రాసేయవచ్చు. నిజానికి ఆ పరీక్ష చెప్పేది వాళ్ల వరసలు పూర్తిగా యాదృచ్ఛికం కావని మాత్రమే. ఏ ఇద్దరి వరసలను పోల్చినా సగటు సహసంబంధం 0.16 దగ్గరే ఉంటుంది.

డెల్ఫీకి అనుకూలంగా ఉన్న సాక్ష్యాన్ని దాచకూడదు. రో, రైట్ 1999లో చేసిన సమీక్షలో, విడిగా తీసుకున్న అంచనాల సగటు కంటే డెల్ఫీ మెరుగ్గా ఉందని 12 అధ్యయనాల్లో, వెనకబడిందని రెండింట్లో, తేడా లేదని మరో రెండింట్లో తేలింది. ముఖాముఖి చర్చలతో పోల్చినా మొగ్గు డెల్ఫీ వైపే ఉంది. అయితే అందులో చాలా ప్రయోగాలు విద్యార్థులతో, జవాబు ముందే తెలిసిన ప్రశ్నలతో జరిగినవని ఆ రచయితలే హెచ్చరించారు. ఒకే ప్రభుత్వ సంస్థలో పనిచేసేవారికి పైఅధికారి కార్యాలయం ద్వారా ప్రశ్నావళి చేరితే, పేరు రాయకపోయినా అనామకత మిగులుతుందా అన్నది ఆ ప్రయోగాలు తేల్చగల విషయం కాదు.

ఫజ్జీ డెల్ఫీలో ఒక్క మార్కుకు బదులు కనిష్ఠం, మధ్యస్థం, గరిష్ఠం అని మూడు సంఖ్యలు తీసుకుంటారు. నిపుణుడి సందిగ్ధతను దాచకుండా ఉంచడం దాని మేలు. చివరికి వాటిని మళ్లీ ఒకే సంఖ్యగా కుదించి హద్దుతో పోలిస్తే ఆ మేలు కాస్తా పోతుంది.

నాకు ఎక్కువ ఆశ కలిగించే దారి రోజర్ కుక్ 1991లో పుస్తకంగా వివరించింది. నిపుణులకు మామూలు ప్రశ్నలతో పాటు, పరిశోధకుడికి జవాబు తెలిసిన కొన్ని పరీక్ష ప్రశ్నలు ఇస్తారు. బస్రాకైతే ఇలా అడగవచ్చు: ఫలానా నెలలో గాలి వల్ల లోడింగు ఆగిన గంటలెన్ని? ఫలానా త్రైమాసికంలో బస్రా హెవీ సాంద్రత ఎంత వ్యత్యాసంతో వచ్చింది? ప్రతిదానికీ నిపుణుడు 5, 50, 95 శాతాంశాల దగ్గర తన అంచనా చెప్పాలి. అతను ఇచ్చిన హద్దుల మధ్య నిజమైన జవాబు పదిలో సుమారు తొమ్మిది సార్లు పడుతోందా అని చూసి, దాన్నిబట్టి అతని మాటకు బరువు ఇస్తారు. హోదాకు బరువు ఉండదు. గతాన్ని బాగా అంచనా వేసినవారు రకాల విభజన వంటి కొత్త ప్రశ్నలోనూ బాగా చెబుతారన్న హామీ లేదు. అయినా అందరి మాటకూ ఒకే విలువ ఇవ్వడం కంటే ఇది పరీక్షకు నిలిచే పద్ధతి.

టైమ్ షీట్లు చేతికి రావని పరిశోధకులు అనవచ్చు. నిజమే, అవి వాణిజ్య పత్రాలు. కానీ ఓడలు పంపే ఏఐఎస్ సంకేతాల నుంచి ఏ ట్యాంకర్ ఎప్పుడు లంగరు వేసింది, ఎప్పుడు బెర్తుకు వెళ్లింది, ఎంత లోతు మునిగి బయల్దేరిందన్నవి బయటివారికీ చాలావరకు తెలుస్తాయి. గల్ఫ్‌లో ఆ సంకేతాలకు అంతరాయాలు ఉంటాయి కాబట్టి వాటినీ సరిచూసుకోవాలి. నిరీక్షణ గంటలు అక్కడి నుంచి తీసుకోవచ్చు. ఓడ ఎందుకు ఆగిందో మాత్రం ఏఐఎస్ చెప్పదు. గాలి ఆపిందా, ఆ రకం చమురు ట్యాంకులో లేకా, పంపు చెడిపోయా, బ్యాంకు నుంచి లెటర్ ఆఫ్ క్రెడిట్ కాగితాలు రాకా? ప్యానెల్‌ను మొదటి విడతలో అడగాల్సింది ఆ ప్రశ్న, అదీ ఒక్కో ఓడ పేరు, తేదీ ముందుపెట్టి.